అడ్డరోడ్డు మీద ఆగిన బస్సు

కండక్టరుగా చేరిన నాలుగో ఏట ఒక ఊరి బస్సు నా చేతిరాత వల్ల ఆగిపోయింది.

తొంభయ్యో దశకం చివరి మాట. ఒంగోలు నుంచి గుంటూరుకు హైవే మీద కాకుండా లోపలి ఊళ్ళ మీదుగా వెళ్ళే రోడ్డొకటుంది. ఆ రోడ్డు మీద ఒక అడ్డరోడ్డు. అక్కణ్ణించి ఏడు కిలోమీటర్లు నల్లరేగడిలో పడి వెళ్తే ఆ ఊరు వస్తుంది. ఊరి చుట్టూ పత్తి, మిరప. రోజుకి రెండుసార్లు మా డిపో బస్సు ఆ ఊరికి వెళ్ళొచ్చేది. వానాకాలం నెల రోజులు ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కారో రాసిమ్మని నాకు కాగితాలిచ్చారు. నేను ఉన్నదున్నట్టు రాశాను. వానల్లో ఆ దారిన బస్సు దిగబడేది, జనం భయపడి ఎక్కేవాళ్ళు కాదు. పొడి రోజుల్లో అదే బస్సులో నిలబడడానికి చోటుండదన్న సంగతి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. నాకైనా తోచలేదు. రెండు నెలలు తిరక్కుండా ఆ ఊరి బస్సు తీసేశారు.

తర్వాత నాకు ఒంగోలు–గుంటూరు బండి మీద డ్యూటీ పడింది. పొద్దున ఆరూ యాభైకి ఆ అడ్డరోడ్డు దాటాలి. రోజూ అక్కడికొచ్చేసరికి ఏడు కిలోమీటర్లు నడిచొచ్చిన మనుషులు కనబడేవాళ్ళు. మోకాళ్ళదాకా బురద. కొందరింకా అర కిలోమీటరు దూరంలో ఉండి చేతులూపుతూ పరిగెత్తుకొస్తుండేవాళ్ళు. వాళ్ళని చూడలేక ఇటువైపు సీట్లకి టిక్కెట్లు కొడుతున్నట్టు తల తిప్పుకునేవాణ్ణి. అయినా చూపు అటే పోయేది. అసలే నాకు కుదురు తక్కువ. బండి కదులుతుంటేనే నా మనసు ఒకచోట ఉంటుంది. ఆగిందంటే కాళ్ళు నిలవవు. ఆ అడ్డరోడ్డు దగ్గర మాత్రం ఆగినా బాధే, కదిలినా బాధే అన్నట్టుండేది.

మా డ్రైవరు నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. నేను గురువుగారూ అనేవాణ్ణి. టైమంటే ఆయనకి ప్రాణం. ఆటోలంటే మంట. ఆ రోజుల్లో రోడ్ల మీద ఆటోలు అప్పుడప్పుడే పెరుగుతున్నాయి. స్టాపు దగ్గర మేం ఆగేలోపే వచ్చి ఇద్దర్నో ముగ్గుర్నో ఎక్కించుకుపోయేవి. ఆయన హారన్ మీద చెయ్యి తీసేవాడు కాదు.

ఒకరోజు అడ్డరోడ్డు దగ్గర టీ కొట్టు పక్కన పాత డీజిల్ ఆటో ఒకటి నిలబడి ఉంది. దాని యజమాని బస్సు దగ్గరికొచ్చి కింద నుంచే అడిగాడు. నా ఈడు మనిషి. చేతులు చూస్తే రైతని తెలుస్తోంది.

“కండక్టరు గారూ, మీ బండి ఇక్కడికి ఎన్నింటికండీ?”

“ఆరూ యాభైకి.”

“నిన్న ఆరూ నలభై రెండుకే పోయారు. మొన్న ఏడూ పదికొచ్చారు. నేనెప్పుడు బయల్దేరాలో తెలవక చస్తన్నా.”

ఆ మనిషిది ఆ లోపలి ఊరే. వరసగా రెండేళ్ళు పత్తిని పచ్చపురుగు తినేసింది. ఎద్దుల్ని అమ్మి ఆటో కొన్నాడు. బస్సు పోయింది కాబట్టి జనం తన ఆటో ఎక్కుతారనుకున్నాడు. ఎక్కారు కూడా. కానీ ఆటో నిండిందాకా కదలదు, అది నిండేసరికి మా బస్సు వెళ్ళిపోతుంది. ఇక్కడ దింపితే తర్వాతి బస్సు ఇంకో రెండు గంటలకి గానీ రాదు. అందుకని జనం మళ్ళీ నడవడం మొదలుపెట్టారు.

“నువ్వు నిండకపోయినా ఆరూ ఇరవై అయిదుకి వదిలెయ్యి. నేను మూడు నిమిషాలు ఆపుతాను,” అన్నాను. ముందు అనుకున్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది.

“నిండకుండా తోలితే డీజిల్ ఎవరు పోస్తారండీ?”

“వారం రోజులు చూడు. బస్సు దొరుకుతుందని తెలిస్తే వాళ్ళే వస్తారు.”

బండి కదిలాక డ్రైవరు అద్దంలో నన్ను చూస్తూ గట్టిగా అన్నాడు.

“ఏమయ్యా, ఆటోవాడి కోసం బస్సాపుతావా? ఇవాళ మన కోసం జనాన్ని తెస్తాడు, రేపు మన ముందే పరిగెత్తి జనాన్ని ఎత్తుకుపోతాడు.”

“మూడు నిమిషాలే గదా గురువుగారూ.”

“ఆ మూడు నిమిషాలు నువ్వు తెచ్చిస్తావా గుంటూర్లో?”

అన్నాడే గానీ మర్నాడు ఆపాడు. ఆటోలో ఇద్దరొచ్చారు. ఆ మర్నాడు ఒక్కరే. వారం తిరిగేసరికి అయిదుగురు, నెలకి ఎనిమిది మంది. మొదటి రోజు వచ్చిన ఇద్దరిలో ఒకామె ఆయా. దారిలో వచ్చే టౌన్లో ఒక నర్సింగ్ హోములో పనిచేస్తుంది, ఎనిమిదింటికల్లా డ్యూటీ ఎక్కాలి. నలభై ఏళ్ళుంటాయి. బస్సెక్కి ముందు తను కూర్చోదు. మెట్ల మీద నిలబడి వెనక్కి చూసి, “అన్నా, ఆగాగు, ఇంకొకరు వస్తన్నారు,” అని అందర్నీ ఎక్కించేది. నాకు సగం పని తప్పేది.

ఆ మూడు నిమిషాలు నేను పడ్డ అవస్థ ఎవరికీ చెప్పుకోలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఆ నల్లదారి వైపు చూసేవాణ్ణి. ఎండ రోజుల్లో దుమ్ము లేస్తుంది, దుమ్ము కనబడితే ఆటో వస్తున్నట్టు. దుమ్ము లేకపోతే వాచీ చూడ్డం, దారి చూడ్డం, వాచీ చూడ్డం. వెనక నుంచి మిర్చి యార్డుకి వెళ్ళే ఆసాములు కేకలేసేవాళ్ళు.

“ఏమయ్యా కండక్టరూ, నీ చుట్టాలెవరన్నా రావాలా ఏంది? ఆడ బేరాలు అయిపోతాయి!”

“రెండు నిమిషాలండీ.”

“రోజూ నీకు రెండు నిమిషాలే!”

డ్రైవరు ఇంజను ఆపేవాడు కాదు. యాక్సిలరేటరు తొక్కి వదిలి, తొక్కి వదిలి, తన విసుగంతా దాని చేత చెప్పించేవాడు. కానీ ఒకటి గమనించాను. అడ్డరోడ్డుకి ముందున్న కాలవ వంతెన దాటగానే బండి నెమ్మది చేసి, కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆ దారి వైపు నాకంటే ముందు ఆయనే చూసేవాడు. దుమ్ము కనబడకపోతే ఇంకాస్త నెమ్మది చేసేవాడు. అడిగితే గేరు సరిగా పడడం లేదనేవాడు.

అలా ఒక ఏడాదికి పైనే నడిచింది.

కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మేం అడ్డరోడ్డుకి సరిగ్గా ఆరూ యాభైకి వచ్చాం. సన్నగా వాన. దారి వైపు తెల్లటి పొర తప్ప ఏమీ కనబడదు. మూడు నిమిషాలు గడిచాయి. టీ కొట్టు నడిపే పెద్దావిడ గోనెపట్టా నెత్తిన కప్పుకుని బయటికొచ్చి తనూ చూస్తోంది. అయిదు నిమిషాలయింది. డ్రైవరు యాక్సిలరేటరు కూడా తొక్కడం లేదు. బురదగా ఉంది గదా, నెమ్మదిగా వస్తున్నాడేమో అనుకున్నాను. అసలు బయల్దేరాడో లేదో. ఈ వానలో ఎవరొస్తారులే అని ఇంట్లోనే ఉన్నాడేమో. ఏడు నిమిషాలు. బస్సులో గొడవ మొదలైంది. ఒకాయన లేచొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

“మా అబ్బాయికి ఇవాళ ఇంటర్వ్యూ ఉంది. నువ్వు తీస్తావా, నన్నే డ్రైవర్ని అడగమంటావా?”

ఆ పక్కనే వాళ్ళబ్బాయి ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు. నా వంక చూడడం లేదు, కిటికీ వంకే చూస్తున్నాడు.

తొమ్మిదో నిమిషం. నేను తాడు లాగాను. బెల్లు మోగింది, బస్సు కదిలింది.

గుంటూరు దాకా టిక్కెట్లు కొట్టానంటే కొట్టాను. ఎవరికి ఏ ఊరికిచ్చానో తెలీదు. వెళ్ళి కూర్చుంటాను, లేస్తాను, వెనక అద్దంలోంచి చూస్తాను. చూసి ఏం లాభం, ముప్ఫై కిలోమీటర్లు వచ్చేశాం. మధ్యలో చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కి టైము చూసి, ఎందుకాలస్యమని అడిగి, నేను చెప్పింది రాసుకుని దిగిపోయాడు. ఆ సంగతీ నా తలకెక్కలేదు. గుంటూరు బస్టాండులో టిఫినుకి డ్రైవరు పిలిస్తే వెళ్ళలేదు. ఎవరికి ఫోను చెయ్యాలి? ఆ ఊళ్ళో ఎవరి నంబరూ నా దగ్గర లేదు. ఏడాదిపాటు రోజూ ఎదురుచూసిన మనుషుల గురించి నాకు తెలిసిందల్లా వాళ్ళు ఎక్కడ ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో, అంతే.

మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో అడ్డరోడ్డు దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే దూకాను. టీ కొట్టు పెద్దావిడ నన్ను చూసి గ్లాసులు కడిగే పని ఆపింది.

“ఆటో పడిపోయిందయ్యా. ఇక్కడికి కిలోమీటరు దూరంలో. ఆయా కాలు దానికింద పడింది.”

“ఎప్పుడు?”

“నీ బస్సున్నప్పుడే. ఆటో ఆయన బస్సునన్నా ఆపుదామని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. మీరు ఆ మలుపు తిరగతన్నారు. కేకలేశాడు. నేనూ వేశాను.”

నేను ఆ మలుపు వైపు చూశాను. చింతచెట్ల అవతల రోడ్డు వంగుతుంది. అంత దగ్గర.

మిగతా సంగతి ఆమే చెప్పింది. ఆటోలో మిగిలినవాళ్ళకి గీతలూ దెబ్బలూ తప్ప ఏమీ కాలేదు. ఆయాని నలుగురూ కలిసి దుప్పట్లో మోసుకొచ్చి కొట్టు పందిరి కింద పడుకోబెట్టారు. ఒక్క వాహనమూ ఆగలేదు. రెండు గంటల తర్వాత పత్తి బస్తాల లారీ ఒకటి ఆగి తీసుకెళ్ళింది. మా బస్సయితే ముప్పావు గంటలో ఆ టౌనుకి చేర్చేది.

డ్రైవరు కిందికి దిగొచ్చి అంతా విన్నాడు. హారన్ కొట్టకుండా వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. బస్సు కదలడానికి బెల్లు కొట్టాల్సింది నేను. చెయ్యి పైకి రాలేదు. కాసేపటికి ఆయనే గేరు వేశాడు.

ఆదివారం వీక్లీ ఆఫ్ రోజున ఆ టౌనుకి వెళ్ళాను. ఆమె పనిచేసే నర్సింగ్ హోములోనే ఆమెని పడుకోబెట్టారు. తొడ దగ్గర్నుంచి పాదం దాకా కట్టు. మంచం పక్కన స్టూలు మీద ఆటో ఆయన కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి కట్టుంది. నన్ను చూసి లేచి బయటికెళ్ళిపోయాడు.

బత్తాయిల సంచీ మంచం మీద పెట్టాను.

“తొమ్మిది నిమిషాలు ఆపావంట గదన్నా,” అంది ఆమె.

“పదో నిమిషం ఆపలేకపోయాను.”

ఆమె కాదనలేదు. కాదంటే నాకు తేలికయ్యేదేమో. సంచీ పక్కకి జరిపి చెప్పింది.

“ఆ రోజు బయల్దేరేసరికే ఆలస్యమైంది. ఒకావిడ గొడుగు కోసం ఇంట్లోకి పోయి రాదే! మూడు నిమిషాల కంటే ఆపరు మీరు. అందుకని ఆయన బురదలో అంత స్పీడు తోలాడు. నువ్వు ఆపే మనిషివి కాకపోతే మేం ఆ వానకి ఇంట్లోనే ఉండేవాళ్ళం అన్నా.”

నేను తల దించుకున్నాను.

“నిన్ననడం కాదు. నువ్వున్నావో పోయావో మాకు తెలవదు. మేం బయల్దేరామో లేదో నీకు తెలవదు. మా ఊళ్ళో కిరాణా కొట్లో ఫోనుంది. అడ్డరోడ్డు టీ కొట్లో రూపాయి ఫోను పెట్టారు. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోవచ్చని ఏడాది నుంచీ ఎవరికీ తట్టలేదు చూడు.”

బయట వరండాలో ఆటో ఆయన గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

“నేనింక తోలనండీ. అమ్మేస్తా,” అన్నాడు.

లోపల్నుంచి ఆమె గొంతు వినబడింది. “అమ్మేస్తే రేపు నేను డ్యూటీకి ఎట్టా రావాలి? కుంటుకుంటా నడిచి రానా?”

ఆయన కట్టున్న చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

ఆ వారంలోనే నాకు డిపో నుంచి చార్జిషీటొచ్చింది. అనుమతి లేకుండా బస్సుని తొమ్మిది నిమిషాలు నిలిపి ప్రయాణికులకి అసౌకర్యం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆ కాగితం చదువుతుంటే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నన్ను తింటున్నది ఎక్కువసేపు ఆపానని కాదు, తక్కువసేపు ఆపానని. ఆ సంగతి ఏ గడిలో రాయాలి? యూనియన్లో తెలిసినవాళ్ళు, “టైరు చూసుకోవడానికి ఆపామని రాయవయ్యా, పోతుంది,” అన్నారు. మా ఆవిడ కూడా అదే రాయమంది. రాత్రి రెండు పేజీలు అలాగే రాసి, పొద్దున్నే చించేశాను. ఉన్నది రాశాను. ఊరి బస్సు ఎలా తీసేశారో, అందులో నా కాగితాల పాత్రేమిటో, ఆటోతో కుదుర్చుకున్నదేమిటో, ఆ రోజేం జరిగిందో.

ఇవ్వడానికి డిపోకి వెళ్తే అక్కడ డ్రైవరు నా కంటే ముందు ఒక కాగితం ఇచ్చి వస్తున్నాడు.

“మీరెందుకు గురువుగారూ? చార్జిషీటు నా పేరున గదా వచ్చింది?”

“బెల్లు నీదే. బ్రేకు మీద కాలెవరిది?” అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు మా డిపోకి కొత్తగా ఒక మేనేజరొచ్చారు. ముప్ఫై అయిదేళ్ళలోపు మనిషి. నన్ను పిలిచి, కాగితం ముందు పెట్టుకుని, కూర్చోమనలేదు గానీ కోపంగానూ లేరు.

“ఆటోలు మనకి పోటీ అని సర్క్యులర్లొస్తున్నాయి. నువ్వేమో ఆటో కోసం బస్సాపానని రాసిస్తున్నావు.”

“ఆ ఆటో మన బస్సుకి పోటీ కాదు సార్. అది రాకపోతే అందులో వచ్చే పది పన్నెండు మందీ మన బస్సెక్కరు. ఏడు కిలోమీటర్లు నడవలేని వాళ్ళు ఇంట్లో ఉంటారు.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“మూడు నిమిషాల హాల్టు టైముల చార్టులో వేయించండి సార్. దొంగతనంగా ఆపబట్టే ఇదంతా. అందరికీ తెలిసేట్టు ఉంటే ఎవరూ నా మీద అరవరు, ఆటో ఆయనా తొందరపడడు.”

ఆయన నా కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నారు. వారం తర్వాత పొద్దున్నే ఒంగోల్లో మామూలు చొక్కాతో బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నారు. నేను గుర్తుపట్టి లేవబోతే చేత్తోనే కూర్చోమన్నారు. అడ్డరోడ్డు దగ్గర దిగి టీ తాగి, ఆటో వచ్చిందాకా నిలబడ్డారు. ఆటో ఆయన చేతికట్టు విప్పేసి అప్పటికి రెండో రోజు తోలుతున్నాడు. అందులోంచి పదకొండు మంది దిగితే చూసి, “ఇందులో పదకొండు మంది పడతారా!” అన్నారు. ఆటో ఆయన భయపడి పక్కకి తప్పుకున్నాడు. “ఏడుగురి కంటే ఎక్కిస్తే బస్సాపను. మిగతావాళ్ళని ముందే ఇంకో ట్రిప్పు వేసి తెచ్చి దింపు, బస్సాగే టైము ఇంకాస్త పెంచుదాం,” అన్నారు మేనేజరు.

నాకు హెచ్చరికతో సరిపెట్టారు. కొత్త చార్టులో ఆ అడ్డరోడ్డుకి ఎదురుగా రాకా పోకా రెండు టైములు వేరువేరుగా పడ్డాయి. ఆరూ యాభైకి రావాలి, ఆరూ యాభై అయిదుకి పోవాలి. అయిదు నిమిషాలు! నేనడిగింది మూడే.

ఫోను ఏర్పాటు మాత్రం ఎవరి చార్టులోనూ లేదు. కిరాణా కొట్టాయన ఆటో కదలగానే టీ కొట్టుకి ఫోను చేసి, “వదిలాం, ఆరుగురు,” అనేవాడు. మా బస్సు వంతెన దాటగానే టీ కొట్టు పెద్దావిడ రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తి ఆరు వేళ్ళు చూపించేది. పిడికిలి చూపిస్తే ఎవరూ లేరని అర్థం, ఆగక్కర్లేదు. వాన రోజుల్లో రెండు చేతులూ అడ్డంగా ఊపితే దారి బాగాలేదు, ఆటో నెమ్మదిగా వస్తోందని. మా డ్రైవరు ఆవిడ వేళ్ళు దూరం నుంచే లెక్కపెట్టి, “ఏడు!” అని నాకంటే ముందే అరిచేవాడు. అయినా నాకు నమ్మకం కుదిరేది కాదు. ఆటో కనబడిందాకా ఫుట్‌బోర్డు మీదే నిలబడేవాణ్ణి.

ఆయా అయిదు నెలలకి డ్యూటీలో చేరింది. కాలు కొంచెం ఈడుస్తుంది. మొదటి రోజు ఎక్కేటప్పుడు నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. “అలవాటు చేసుకోవాలి గదన్నా,” అని కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కింది. ఆ వేళ మాత్రం మెట్ల మీద నిలబడకుండా నేరుగా వెళ్ళి కూర్చుంది. వెనక ఇంకెవరొస్తున్నారో చూసే పని నాదయింది.

తర్వాత రెండు మూడేళ్ళకి సెల్‌ఫోన్లొచ్చాయి, వేళ్ళ లెక్క పోయింది. ఆటోలు మూడయ్యాయి. మేనేజరు నెలనెలా అడ్డరోడ్డు దగ్గర ఎంతమంది మారుతున్నారో రాసిమ్మనేవారు. ఈసారి వాన రోజులు వేరు, పొడి రోజులు వేరు అని పక్కన రాసిచ్చేవాణ్ణి. ఇంకో రెండేళ్ళకి ఆ నల్లదారికి తారు పడింది. ఆ కాగితాలన్నీ చూసి, ఇంతమంది ఉన్నప్పుడు బస్సే వెయ్యొచ్చు గదా అని పైవాళ్ళు ఆ ఊరికి మళ్ళీ రోజుకి రెండు ట్రిప్పులు వేశారు.

మొదటి ట్రిప్పుకి నన్నే పంపారు. ఊళ్ళో బస్సుకి దండలేశారు, కొబ్బరికాయ కొట్టారు. ఆయా మొదటి సీట్లో కూర్చుంది. నేను సంతోషంగా ఉండాల్సింది. ఉన్నాను కూడా, రచ్చబండ పక్కన ఆటో ఆయన కనబడిందాకా. ఆటోలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. దగ్గరికెళ్తే ఇటు చూడలేదు.

“ఏమయ్యా, మాట్లాడవా?”

“ఏం మాట్లాడమంటారండీ? ఆరేళ్ళు మీ బస్సుకి జనాన్ని పోగుచేసి పెట్టా. పోగయ్యాక మీరొచ్చి తీసుకుపోతన్నారు.”

“నేను బస్సు వెయ్యమని అడగలేదు.”

“లెక్కలు రాసిచ్చింది ఎవరండీ?”

ఒకసారి రాసి ఊళ్ళో బస్సు తీయించాను. ఇంకోసారి రాసి ఈ మనిషి పని తీయించాను. రెండుసార్లూ ఉన్నదే రాశాను. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను బస్సెక్కాను గానీ ఆ నెలంతా నిద్ర సరిగా పట్టలేదు. ఆ ఊరి డ్యూటీ పడితే ఇంకొకరితో మార్చుకునేవాణ్ణి.

నెలన్నర తర్వాత మార్చుకోవడానికి ఎవరూ దొరక్క వెళ్ళాల్సొచ్చింది. ఊళ్ళో బస్సాగేసరికి ఆటో ఆయన ఎదురొచ్చాడు. ఆటోలోంచి అయిదుగురు దిగుతున్నారు. ఆ ఊరి మనుషులు కారు.

“అవతల మూడు పల్లెలున్నాయండీ. వాళ్ళ మొహం ఏ బస్సూ చూళ్ళేదు,” అన్నాడు. “అక్కణ్ణించి తెస్తన్నా. దారి మాత్రం మన పాత దారి కంటే దరిద్రం.”

“కోపం పోయిందా?”

“పోలేదు. టైము చెప్పండి. మధ్యాహ్నం ట్రిప్పు ఒక్కోరోజు ఒక్కో టైముకొస్తంది. నేనెప్పుడు బయల్దేరాలి?”

ఆ అయిదుగురిలో ఒక ముసలాయన బస్సు మెట్టు మీద కాలు పెట్టి, ఎక్కొచ్చా అన్నట్టు నా వైపు చూస్తున్నాడు. ఎక్కించి, టైములు కాగితం మీద రాసి ఆటో ఆయనకిచ్చాను.

ఆ సాయంత్రం డిపోలో మాటొకటి వినబడింది. మధ్యాహ్నం ట్రిప్పుకి జనం చాలడం లేదట, తీసేసే ఆలోచనలో ఉన్నారట. నేను టిక్కెట్ల సంచీ అప్పజెప్పి, ఇంటికి వెళ్ళకుండా మేనేజరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. అప్పటికి పాత మేనేజరు బదిలీ అయిపోయారు. కొత్తాయనకి ఆ పల్లెల పేర్లు కూడా తెలియవు. మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. నెల గడువిచ్చారు, తర్వాత ఆటో అందుకునేట్టు ట్రిప్పుని అరగంట వెనక్కి జరిపి ఉంచేశారు. ఆ నెల రోజులూ నా డ్యూటీ అయినా కాకపోయినా మధ్యాహ్నమయ్యేసరికి ఆటో ఆయనకి ఫోను చేసి, ఎంతమందున్నారని అడుగుతూనే ఉన్నాను.